గెడ్డ ఒడ్డున అమెరికా

అమెరికాలో అన్ని వంతెనలు ఎందుకున్నాయో మా పై అధికారులు కనిపెట్టారు. అక్కడి పెద్దలు తెల్లవారుజామున నాలుగింటికి లేస్తారు. అందుకని.

ఇది కనిపెట్టడానికి ఒక బృందం విమానమెక్కి వెళ్ళింది. తిరిగొచ్చి ఒక ఉత్తర్వు వేసింది. వంతెన కట్టాలంటే ఇసుక కావాలి, సిమెంటు కావాలి, ఇనుము కావాలి. అలవాటుకు ఇవేమీ అక్కర్లేదు. కాబట్టి ఆ దేశపు రాజనీతిజ్ఞుల అలవాట్లు, ధనికుల అలవాట్లు ముందు మనం పట్టుకుంటే, వంతెనలు వాటి వెనకే నడిచొస్తాయి. బండికి ముందు ఎడ్లను కట్టడమంటే ఇదేనని ఉత్తర్వులో రాశారు. ఎడ్లు ఎవరో రాయలేదు.

పథకం పేరు 'మహాపురుష లక్షణ సాధన'. ప్రయోగానికి మా మండలాన్ని ఎంచుకున్నారు. ఇక్కడ కొత్తగా చెడడానికి ఏమీ మిగల్లేదు గనక, ప్రయోగం వల్ల నష్టముండదట.

మా ఊరికీ మండల కేంద్రానికీ నడుమ గెడ్డ ఉంది. వాగుని మా వైపు గెడ్డ అంటారు. దాని మీద ఒక కల్వర్టు ఉండేది. బలివాడ కామరాజు అనే కాంట్రాక్టరు కట్టాడు. మూడో వానకే నడుం విరిగింది. ఆ ఏడే నా భార్య నరసమ్మకు కడుపులో పుండు పగిలింది. డోలీలో ఒడ్డు దాకా మోసుకొచ్చాం. నీళ్ళు తగ్గేదాకా మేం ఆగాం. ఆమె ఆగలేదు. దాని గురించి ఇంకేమీ రాయను.

ఈ ఏడు పక్కింటి సూరీడమ్మ కోడలు మంగకు నెలలు నిండుతున్నాయి. శ్రావణంలో పురుడన్నారు. గెడ్డ పొంగేదీ శ్రావణంలోనే. సూరీడమ్మ కొడుకు పేరు గురువులు, చెన్నైలో తాపీ పనికి పోయాడు. ఆమె ఒకరోజు నా అరుగు మీదకొచ్చి కూర్చుంది.

"నాయుడన్నా, సోమవారం అర్జీల రోజంట. నువ్వొకసారి నాతోటి రా. నరసమ్మొదినకి అలాగయ్యాక నాకు ఆ గెడ్డని సూస్తేనే గుండె దడ."

వెళ్ళాను.

మండలాఫీసులో గుమాస్తాలందరూ బల్లల మీద తలలు వాల్చి నిద్రపోతున్నారు. నాలుగింటికి లేచి, పెరట్లో చన్నీళ్ళ స్నానం చేసి, అరగంట మౌనం పట్టారట. ఆ తర్వాత మహాపురుషుల మధ్యాహ్నపు కునుకు. మధ్యాహ్నం ఇంకా కాలేదు. ముందుగా చేయడం కూడా మహాపురుష లక్షణమేనట.

ఇది చెప్పినవాడి పేరు కౌండిన్య. పథకానికి శిక్షకుడు. హైదరాబాదు నుంచి తెప్పించారు. ఎండలో కూడా మెడలో టై ఉంది.

"పెద్దాఫీసరు గారెక్కడ?" అన్నాను.

"సార్ మీటింగ్‌లో ఉన్నారు."

"ఎక్కడ?"

అతను కిటికీలోంచి రోడ్డు చూపించాడు. మండల ప్రత్యేకాధికారి చక్రపాణి గారు తెల్ల బూట్లు వేసుకుని బస్టాండు వైపు వేగంగా నడుస్తున్నారు. వెనక ఒక గుంపు పరుగెడుతోంది. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, చంకలో కర్రతో ఒక కుంటివాడు. అందరి చేతుల్లో అర్జీలు.

"వాకింగ్ మీటింగ్," అన్నాడు కౌండిన్య. "అక్కడి మహాపురుషులు కూర్చుని మాట్లాడరు. కూర్చున్నవాడికి ఎదుటివాడి కష్టం మొత్తం వినబడుతుంది. నడిచేవాడికి సగమే వినబడుతుంది. సగం విన్నవాడే త్వరగా నిర్ణయం తీసుకోగలడు."

సూరీడమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది. "పద అన్నా, ఆయన ఊరు దాటీస్తున్నాడు."

బియ్యం మిల్లు దగ్గర అందుకున్నాం. నాకు రొప్పు. ఆమెకు లేదు.

"బావూ, మాది గెడ్డవతల ఊరండి. కల్వర్టు..."

"వీల్లేదు," అన్నారు చక్రపాణి గారు.

"ఇంకా సెప్పనే లేదు కదండి."

"అవతలివాడు చెప్పకముందే కాదనడం శక్తిమంతుల ప్రథమ లక్షణం. వందమంది అడిగితే తొంభై తొమ్మిదిమందికి కాదు అనాలి. సమయం ఆదా."

"ఆ నూరోవాడు ఎవరండి?"

చక్రపాణి గారు బూట్ల వేగం పెంచారు. కాలువ గట్టు దాకా వెళ్ళి ఆయన జీపెక్కారు. మేం నడిచి తిరిగొచ్చాం. దారిలో చంకకర్ర మనిషి సర్వే రాయి మీద కూర్చుని ఉన్నాడు. పింఛను ఆపేశారని చెప్పుకోవడానికి వచ్చాడట. కాలు లేదని రుజువు చేసుకోమన్నారట. ఇంత దూరం నడిచొచ్చాడు గనక రుజువు చెల్లలేదట.

తర్వాతి సోమవారానికి జనం తెలివి మీరారు. బస్టాండులో కబడ్డీ కుర్రాళ్ళు పరుగు కూలికి దొరుకుతున్నారు. అర్జీ పట్టుకుని ఆఫీసరు పక్కన పరుగెత్తి చదివి వినిపిస్తారు. ఆస్తి తగాదాకి ఒక రేటు, రేషను కార్డుకి ఒక రేటు. సూరీడమ్మ ఎవర్నీ పెట్టుకోలేదు. ఆయన రోజూ ఎటు వెళ్తారో కనుక్కుని ముందే పోయి మిల్లు గుమ్మం దగ్గర నిలబడింది. నన్ను అవతల నిలబెట్టింది. రోడ్డు ఇరుకు. ఆయన ఆగక తప్పలేదు. ఆగి, నిలబడిన చోటే కాళ్ళాడించారు.

"బావూ, నా కోడలు నీలాడే మనిషి. శ్రావణానికి గెడ్డ దాటాల. కల్వర్టు బాగుసెయ్యకపోతే సచ్చిపోతాది."

చక్రపాణి గారు కౌండిన్య వైపు చూశారు. కౌండిన్య చేతిలోని పథకం కరదీపిక తెరిచాడు. ధనికుల భాగంలో వెతికాడు.

"సార్, పెట్టుబడి సూత్రం వర్తిస్తుంది. అక్కడి ద్రవ్యనిపుణులు అందరూ అడిగేటప్పుడు ఏదీ కొనరు. విలువ పూర్తిగా పడిపోయే వరకూ ఓపిక పడతారు. పడిపోయాక రంగంలోకి దిగుతారు."

"చూడమ్మా," అన్నారు చక్రపాణి గారు, కాళ్ళాడిస్తూనే. "మీ కల్వర్టు సగమే కూలింది. ఇప్పుడు దానిలోకి దిగితే మండల ప్రయోజనాలకు విఘాతం. సంపూర్ణంగా కూలనివ్వండి. అప్పుడు పరిశీలిద్దాం."

"మరి నా కోడలో?"

"ఓపిక అందరికీ ఉండాలి."

"నాకు ఓపికుంది బావూ. ఆ కడుపులో ఉన్నదానికి లేదు."

ఇది ఆయనకు వినబడలేదు. సగం వినడం అప్పటికే బాగా అలవాటైంది.

మేం ఓపిక పట్టాం. కల్వర్టు మా మాట విన్నది. ఆషాఢంలో మొదటి పెద్ద వానకే మిగతా సగం కూడా పోయింది. సూరీడమ్మ సంబరపడింది. కల్వర్టు కూలితే సంబరపడిన మనిషిని నేను మొదటిసారి చూశాను.

"కూలిపోనాది బావూ! మొత్తం! ఒక్క రాయి లేదు!" అని మిల్లు దగ్గర చెప్పింది.

"శుభం," అన్నారు చక్రపాణి గారు. "ప్రత్యేక నిధి విడుదల చేశాం."

ఆ క్షణం నేను కూడా నమ్మాను. సిగ్గుపడాల్సిన సంగతి.

నిధి కామరాజుకి ఇచ్చారు. కల్వర్టు కట్టమని కాదు. ఊరడింపుగా. తను కట్టిన కల్వర్టు పూర్తిగా కూలిపోవడంతో కామరాజు తీవ్ర మనస్తాపానికి గురయ్యాడట. వ్యాపారం మునిగే ప్రమాదముందట. అమెరికాలో పెద్ద వ్యాపారి మునుగుతుంటే ప్రభుత్వమే చెయ్యందిస్తుందని కరదీపికలో ఉంది. చిన్నవాడు మునిగితే అది వాడి సొంత విషయం. అదీ ఉంది.

"కామరాజు గారు మునిగితే మండలమే మునుగుతుంది," అన్నారు చక్రపాణి గారు.

"మండలం ఏటా మునుగుతానే ఉంది కదండి," అంది సూరీడమ్మ. "ఆయనొక్కడే తేలుతున్నాడు."

కామరాజు కృతజ్ఞత లేని మనిషి కాదు. పుచ్చుకున్నాక కొంత జనానికి తిరిగివ్వాలి. మహాధనికులు అలాగే చేస్తారని కౌండిన్య అతనికి చెప్పాడు. అక్కడ గ్రంథాలయాలు కట్టిస్తారట, విశ్వవిద్యాలయాలు పెట్టిస్తారట. కామరాజు రెండు రోజులు ఆలోచించి మా ఒడ్డున ఒక సిమెంటు బల్ల వేయించాడు. గెడ్డ పొంగినప్పుడు నీళ్ళు తగ్గేదాకా కూర్చోడానికి. వీపు ఆనే చోట అతని పేరు, అతని తండ్రి పేరు చెక్కించాడు. పేర్లలో మిట్టపల్లాలున్నాయి. ఆనుకుంటే వీపుకి గుచ్చుకుంటాయి.

బల్ల ప్రారంభానికి చక్రపాణి గారు వచ్చారు. అవతలి ఒడ్డున జీపు దిగారు. గెడ్డ నడుములోతు ఉంది. నీళ్ళు చూసి వెనక్కి వెళ్తారనుకున్నాం. కానీ మహాపురుషుడు వెనక్కి తిరగడు. పంచాయతీ కుర్చీకి రెండు వెదురుకర్రలు కట్టారు. నలుగురం మోశాం. ముందు కుడి కర్ర నా భుజం మీద. నరసమ్మ డోలీ కూడా ఆ భుజం మీదే మోశాను. ఆఫీసరే ఎక్కువ బరువు.

గెడ్డ నడిమధ్యకి వచ్చాక ఆయన ఆగమన్నారు.

"ఎందుకండి?" అన్నాను. అడుగున ఇసుక కరుగుతోంది.

కౌండిన్య వెనక ఇంకో కుర్చీలో వస్తున్నాడు. అక్కడి నుంచి అరిచాడు. "సార్, చరిత్రాత్మక ఘట్టం! మాట్లాడండి! అక్కడి సెనేటర్లు ఒకసారి లేస్తే గంటల తరబడి కూర్చోరు!"

చక్రపాణి గారు లేవలేదు, కుర్చీ ఊగుతోంది గనక. కూర్చునే మాట్లాడారు. "ప్రియమైన గెడ్డ పరీవాహక ప్రాంత ప్రజలారా! ఒక జాతి ఔన్నత్యం దాని ప్రవాహాలను ఎలా దాటుతుందన్న దాని మీద..." ఇలా సాగింది. స్వావలంబన వచ్చింది. ఆత్మగౌరవం వచ్చింది. నా వెనక మోస్తున్న పోలయ్య, "మావా, నా కాలికింద ఏటో పాకుతోంది," అన్నాడు. "కదపకు," అన్నాను. ఆత్మగౌరవం రెండోసారి వచ్చేసరికి నా కాళ్ళ కింది ఇసుక జారిపోయింది. కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. ప్రసంగం అక్కడ ముగిసింది.

ఒడ్డున దించాం. ఆయన తన బూట్లు చూసుకున్నారు. తెల్లగానే ఉన్నాయి. ముఖం వెలిగింది.

"కౌండిన్యా, గమనించావా? ఒక్క చుక్క తడవలేదు."

"అద్భుతం సార్."

"వంతెన లేదని వీళ్ళు అనవసరంగా ఆందోళన చెందుతున్నారు. గెడ్డ సుగమంగా ఉంది. నేను స్వయంగా దాటి చూశాను. అలాగే నివేదించండి."

నా పంచె నడుము దాకా నీళ్ళోడుతోంది. పోలయ్య తన కాలి మీది జలగని లాగి పారేస్తున్నాడు.

"బావూ, మీరు దాటలేదు. వీళ్ళు దాటించినారు," అంది సూరీడమ్మ.

"నాయకుడు దాటితే జాతి దాటినట్టే అమ్మా."

బల్ల మీద రిబ్బను కత్తిరించారు. కామరాజు అందరికీ లడ్డూ పంచాడు. నేను తినలేదు.

శ్రావణంలో రెండో శుక్రవారం పొద్దున్నే మంగకు నొప్పులొచ్చాయి. పైన కొండల్లో వాన. గెడ్డ ఎర్రగా, ఒడ్డు నిండా వస్తోంది. డోలీ కట్టి తెచ్చాం. అవతలి ఒడ్డున నూట ఎనిమిది బండి వచ్చి ఆగి ఉంది. దాని దీపం తిరుగుతోంది. ఆశా కార్యకర్త నీళ్ళంచు దాకా వచ్చి చేతులు నోటికడ్డం పెట్టి ఏదో అరుస్తోంది. గెడ్డ హోరులో ఒక్క ముక్క వినబడలేదు.

మంగని బల్ల మీద పడుకోబెట్టాం. వేరే చోటు లేదు, చుట్టూ బురద. మగవాళ్ళం అటు తిరిగి నలుమూలలా టార్పాలిన్ పట్టుకున్నాం. సూరీడమ్మ, మంత్రసాని పారమ్మ లోపలున్నారు. మంగ అరుపు వినబడుతోంది. తర్వాత అరుపు కూడా వినబడలేదు. అది ఇంకా అన్యాయం. నేను ఆ ఒడ్డున అలాంటి నిశ్శబ్దం ముందు ఒకసారి విన్నాను.

"అమ్మా మంగా, కళ్ళు తెరూ. ఒలే, నా తల్లివి గదే, నన్ను సూడే," అంటోంది సూరీడమ్మ.

బిడ్డ ఏడ్చింది. చాలాసేపటికి మంగ మంచినీళ్ళడిగింది. నెత్తురు చాలా పోయింది. మర్నాడు నీళ్ళు తగ్గాక ఆస్పత్రికి మోసుకెళ్ళాం. బతికింది. అది మండలం చేసిన పని కాదు.

వార్త పేపర్లో పడింది. 'బల్లపై ప్రసవం' అని. చక్రపాణి గారి ఉద్యోగానికి ముప్పు వస్తుందని ఊళ్ళో కొందరు ఆశపడ్డారు. వాళ్ళకి మహాపురుషుల సంగతి తెలియదు. మంగ ఇంటికొచ్చిన వారానికి చక్రపాణి గారు, కౌండిన్య, ఒక ఫొటోగ్రాఫరు అవతలి ఒడ్డున ప్రత్యక్షమయ్యారు. గెడ్డ మళ్ళీ నడుములోతు ఉంది. కుర్చీ తెమ్మని కబురు పెట్టారు. నేను రానన్నాను.

"తీసుకురా అన్నా," అంది సూరీడమ్మ. "ఈపాలి ఆయన నా గుమ్మంలో కూసోని ఇనాల."

తెచ్చాం. ఇద్దర్నీ రెండు విడతలుగా. ఫొటోగ్రాఫరు కెమెరా నెత్తిన పెట్టుకుని నీళ్ళు తోసుకుంటూ వచ్చాడు.

సూరీడమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని చక్రపాణి గారు అద్దం కట్టిన యోగ్యతాపత్రం తీశారు. కౌండిన్య దాన్ని పెద్దగా చదివాడు. "అమెరికా దేశపు మహోన్నత అధ్యక్షులు కొందరు వైద్య సదుపాయం లేని కర్రగుడిసెల్లో జన్మించిరి. ఆస్పత్రి, వైద్యుడు, వంతెన, ప్రభుత్వ సహాయం ఏదియును లేకుండ భూమిపై పడుట మహాపురుషునికి తొలి అర్హత. ఇట్టి అర్హతను తన జన్మస్థలమునందే సాధించిన ఈ శిశువును మండలము అభినందించుచున్నది."

ఫొటోగ్రాఫరు ఫొటో దించాడు.

"ఇది ఆరంభం మాత్రమే," అన్నారు చక్రపాణి గారు. "మండలంలోని గర్భవతులందరినీ నెలలు నిండగానే ఈ ఒడ్డుకు తరలించే ప్రతిపాదన పంపాను. పట్నంలో ఉన్నవాళ్ళని కూడా. ఇంకో నాలుగు బల్లలు వేయించడానికి కామరాజు గారు ముందుకొచ్చారు. ఆస్పత్రుల్లో పుట్టించి మనం ఒక తరాన్ని పాడుచేశాం."

సూరీడమ్మ గుమ్మంలో కూర్చుని వింటోంది. "మీ ఇంట్లో అమ్మగారికి కూడా ఏడో నెలంట కదండి. జీపు డ్రైవరు సెప్పినాడు."

"అవును."

"మరి ఆమెని ముందట తీసుకొచ్చీండి. నానే సేస్తాను పురుడు. బల్ల కడిగించి ఉంచుతాను."

చక్రపాణి గారు టై లేని మెడ సవరించుకున్నారు. "ఆవిడకు విశాఖపట్నంలో గది తీసుకున్నాం. మా కుటుంబం ఆ దశ దాటింది. మహాపురుషులు కావలసినవాళ్ళకే ఈ పథకం."

"అలాగా," అంది సూరీడమ్మ. లోపలికి వెళ్ళి బిడ్డని తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. "దీవించండి బావూ. మా మనవరాలు."

ఆయన బిడ్డని చూశారు. కౌండిన్యని చూశారు.

"ఆడపిల్లా?"

"ఆడపిల్లేనండి."

"కౌండిన్యా, అక్కడ మహిళలు అధ్యక్షులయ్యారా?"

కౌండిన్య కరదీపిక తిరగేశాడు. మొదటి నుంచి చివరి దాకా తిరగేశాడు. "ఇంతవరకూ లేదు సార్."

చక్రపాణి గారు బిడ్డని జాగ్రత్తగా తిరిగిచ్చారు. అరుగు మీద పెట్టిన యోగ్యతాపత్రం తీసుకుని కౌండిన్యకి ఇచ్చారు. కౌండిన్య దాన్ని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

"ఆడపిల్లని ముందే తెలియజేయాలి కదమ్మా," అన్నారు ఆఫీసరు. కొంచెం నొచ్చుకున్నారు.

"తప్పయిపోనాది బావూ," అంది సూరీడమ్మ. బిడ్డని భుజాన వేసుకుంది. "అయితే ఇది అధ్యచ్చురాలు అవదన్నమాట."

"పథకం ప్రకారం కాదు."

"మరి దీనికి వంతెన కావాల కదండి."

చక్రపాణి గారు లేచారు. నడక మొదలుపెట్టారు. ఒడ్డు దాకా నడిచారు. ఆమె బిడ్డతో పక్కనే నడిచింది. అదే మాట అడిగింది. ఆయన నడక పెంచారు. ఆమె పెంచింది. అవతల నీళ్ళున్నాయి గనక ఆయన ఆగారు.

"కుర్చీ," అన్నారు.

పోలయ్య నా వైపు చూశాడు. మిగతా ఇద్దరూ నా వైపు చూశారు. నేను వెదురుకర్రల కట్లు విప్పి, కర్రలు పోలయ్య చేతికిచ్చాను. ఒకటి సూరీడమ్మ పందిరికి పనికొస్తుంది.

"ఏమిటిది? నేనెలా వెళ్ళాలి?" అన్నారు చక్రపాణి గారు.

"గెడ్డ సుగమంగా ఉందండి," అన్నాను. "మీరే రాశారు."

కౌండిన్య బూట్లు విప్పి ఒక అడుగు వేసి, మోకాలు దాకా దిగి, వెనక్కి వచ్చేశాడు. వెనక్కి తిరగకూడదన్న సంగతి అతనికి ఎవరూ గుర్తుచేయలేదు.

చక్రపాణి గారు నీళ్ళ వైపు చాలాసేపు చూశారు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఆయన నిలబడి, కాళ్ళాడించకుండా, ఒక మనిషిని ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగారు.

"నాయుడు గారూ, ఇక్కడ ఎక్కడ లోతు, ఎక్కడ గట్టి నేల?"

నాకు తెలుసు. ఆ గెడ్డలో ప్రతి గుంటా నాకు తెలుసు.

చెప్పలేదు.